అంగదుని సందేహము – ఆంజనేయుని మౌనము

సుందరకాండమును నియమముతో పారాయణ చేయు గృహములు తెలుగునాట పెక్కు గలవు. కష్టము తొలగుటకును, పిల్లల పెండ్లి కుదురుటకును, దూరమైనవారు తిరిగివచ్చుటకును ఆ కాండమందలి 68 సర్గలను భక్తితో చదువుదురు. ఆ కాండమునకు వాకిలి వంటివి కిష్కింధాకాండమందలి చివరి సర్గలు. పారాయణములో అవి చేరనందున వానిని తీరికగా చదువువారు కొందరే. సముద్రమును దాటుటకు ముందు వానరులు దాటవలసివచ్చినది వేరొకటి కలదు. అది “మావలన అగునా?” అను సంశయము. దానిని వారెట్లు దాటిరో ఆ సర్గలలో నున్నది.

దక్షిణదిక్కున సీతాదేవిని వెదకుటకు సుగ్రీవుడు పంపిన సేనకు నాయకుడు అంగదుడు. వయస్సున చిన్నవాడు. తండ్రియైన వాలి కూలి ఎంతోకాలము కాలేదు. పినతండ్రి రాజైనాడు, తాను యువరాజైనాడు. ఆ యౌవరాజ్యము సుగ్రీవుడు మనసార ఇచ్చినది కాదనియు, శ్రీరామచంద్రుని వలన లభించినదనియు ఒక ముల్లు అంగదుని మనస్సులో గ్రుచ్చుకొనియుండెను. ఈ మాటను అతడు నోరు విడిచి చెప్పినట్లే వాల్మీకిమహర్షి వ్రాసినాడు. తన యోగ్యతచేత గాక మరియొకరి అనుగ్రహముచేత పీఠమెక్కితినని తలంచువానికి ఆ పీఠము ఎల్లప్పుడును కదలుచున్నట్లే తోచును.

సుగ్రీవుడు విధించిన మాసము గడువు ఋక్షబిలములోనే గడచిపోయెను. స్వయంప్రభ యను తాపసి దయవలన వెలుపలికి వచ్చి, పూచిన చెట్లను చూచి, కాలము మించినదని వానరులు తెలిసికొనిరి. అంగదుడు ప్రాయోపవేశమునకు నిశ్చయించెను. రిక్తహస్తములతో పోయినచో రాజు చంపకమానడు, ఇక్కడనే చచ్చుట మేలనెను. హనుమంతుడు నయముగను భయముగను చెప్పి చూచెను. యువరాజు వినలేదు. ఏడ్చుచు దర్భలపై కూర్చుండెను. అతడు కూర్చుండగా సేనయంతయు చుట్టును కూర్చుండెను. ఇంటిపెద్ద అన్నము మానిన దినమున ఆ యింట పొయ్యి వెలుగదు గదా! నాయకుని అధైర్యము నాయకునితో ఆగునది కాదు.

ఆ సమయమున సంపాతి అచ్చటికి వచ్చుటయు, తమ్ముడైన జటాయువు పేరు విని దుఃఖించుటయు, లంక 100 యోజనముల ఆవల నున్నదని తెలుపుటయు అందరెరిగిన కథ. వానరులు ఉత్సాహముతో సముద్రతీరమునకు పరుగెత్తిరి. అక్కడ అలలను చూడగానే ఆ ఉత్సాహము ఇంకిపోయెను. ఇప్పుడు వారికి ధైర్యము చెప్పినవాడెవడు? ముందు దర్భలపై కూర్చుండి ఏడ్చిన అంగదుడే. విషాదమునకు మనస్సు నీయరాదనియు, కోపించిన పాము పసివానిని చంపినట్లు విషాదము మనుష్యుని చంపుననియు అతడు సేనకు బోధించెను. సందేహము పూర్తిగ తీరిన తరువాత చెప్పిన మాట కాదిది. తరువాతి సర్గలోనే అతడు ప్రాయోపవేశపు మాటను మరల ఎత్తినాడు. లోపల వణుకు ఉండగనే పదిమందికి ధైర్యము చెప్పినాడు. దీనిని కపటమనుట తగదు. తల్లి తాను బెదరుచు కూడ బిడ్డను గుండెకు హత్తుకొనును, అందులో కపటమేమున్నది?

పిమ్మట ఎవరెంత దూరము ఎగురగలరో చెప్పుడని అంగదుడు అడిగెను. గజుడు 10 యోజనములనెను. గవాక్షుడు 20 అనెను. ఇట్లు పెరుగుచు గంధమాదనుడు 50, మైందుడు 60, ద్వివిదుడు 70, సుషేణుడు 80 అనిరి. త్రివిక్రమావతారకాలమున స్వామికి ప్రదక్షిణము చేసిన జాంబవంతుడు తనకిప్పుడు ముసలితనము వచ్చినదనియు, 90 యోజనములు మాత్రము పోగలననియు చెప్పెను. పది యోజనములే యని చెప్పుటకు గజుడు సిగ్గుపడలేదు. ఎనుబది యని చెప్పుటకు సుషేణుడు మొగమాటపడలేదు. ఉన్న బలమును ఉన్నంతగా చెప్పుటయే ఆ సభామర్యాద. మన సభలలో ఈ మర్యాద అరుదు. చేతనైనవాడు “నాకేమియు రాదండీ” అని తల వంచును. చేతకానివాడు ముందువరుసలో కూర్చుండును. పని మాత్రము మిగిలిపోవును.

చివరకు అంగదుడు తన లెక్క చెప్పెను. నూరు యోజనములు దాటగలను, తిరిగి రాగలనో లేదో నిశ్చయము లేదు అనెను. అప్పుడు జాంబవంతుడు చెప్పిన సమాధానము నాయకత్వము వహించువారందరు చదువదగినది. అతడు యువరాజు సందేహమును ఒక్క వాక్యముతో తీసివేసెను: నూరు గాదు, వేయి యోజనములైనను పోయి రాగలవు. అంతటితో విడువక, ఎగురుట నీ పని కాదు, పంపుట నీ పని యని చెప్పెను. స్వామి పంపువాడే గాని పంపబడువాడు కాడు. కార్యమునకు నీవు వేరు, వేరును కాపాడుకొన్నచో ఫలము లభించును అని వివరించెను. అంగదుడు తన్ను తాను ఎగురువాని కొలతతో కొలుచుకొనుచుండెను. ఆ కొలతలో నాయకుడు ఎప్పుడును కొంచెము తక్కువగనే తేలును. వంటవాని కంటె బాగుగ వండలేననియు, లెక్కలవాని కంటె బాగుగ లెక్క వ్రాయలేననియు దిగులుపడు ధర్మకర్త ఉత్సవమును నడపలేడు. ఎవరిని ఎక్కడ నిలుపవలెనో తెలిసి నిలిపినచో అది అతని ఘనతయే.

ఈ సంవాదమంతయు నడచుచుండగా సేనకు ఒక ప్రక్కన హనుమంతుడు మౌనముగ కూర్చుండియుండెను. శ్రీరాముడు ఉంగరమునిచ్చినది అతనికే. సుగ్రీవుని నమ్మకమంతయు అతనిమీదనే. ఐనను బలముల లెక్కలో అతడు పెదవి విప్పలేదు. ఋషుల శాపముచే అతడు తన బలమును మరచియుండెనని ఉత్తరకాండము చెప్పుచున్నది. లోకమున ఆ కథయే ప్రసిద్ధము. కాని సముద్రతీరమున జాంబవంతుడు శాపమును గూర్చి ఒక్కమాటయు అనలేదు. ఎందుకు మరచితివని నిందింపలేదు. “నీవంతవాడవు, ఇంతవాడవు” అని వట్టి పొగడ్తలతో నింపలేదు. జరిగినదానిని జరిగినట్లు జ్ఞాపకము చేసెను. అంజనాదేవి ఎవరో, వాయుదేవుని వరమెట్టిదో చెప్పెను. పసితనమున సూర్యుని పండనుకొని 300 యోజనములు పైకెగిరిన సంగతి చెప్పెను. ఇంద్రుని వజ్రము తగిలి ఎడమ దవుడ విరిగిన సంగతిని కూడ దాచలేదు. బ్రహ్మేంద్రుల వరములను చెప్పెను. కడపట, సేన నీవైపు చూచుచున్నది, లెమ్మనెను.

సంశయగ్రస్తునికి స్తుతి పనికిరాదు. స్తుతించినకొలది వీరికి నా నిజము తెలియదని అతడు మరింత ముడుచుకొనును. అతనికి కావలసినది చరిత్ర; అతడే చేసిన పనులు, తేదీ తప్పక, దెబ్బతో సహా. అందుకు పెద్దవారు కావలెను, అతని బాల్యమెరిగినవారు కావలెను. తన్ను తాను చూచుకొనుటకు మానవునకు కూడ ఒక అద్దము కావలసియున్నది. శ్రీవైష్ణవసంప్రదాయమున ఆచార్యపురుషుని స్థానమిట్టిదే. జాంబవంతుడు ఎగురలేకపోయెను గాని అతడు లేనిదే ఎగురుట జరుగలేదు.

ఆ మాటలు విని హనుమంతుడు పెరిగెను. పెరిగి, తన బలమును తానే వర్ణించెను. మేరువును ఎడతెగక వేయిమార్లు చుట్టిరాగలననియు, పదివేల యోజనములైనను పోగలననియు పలికెను. ఈ ఘట్టమున కొందరు భక్తులకు మనస్సు చివుక్కుమనును. వినయమూర్తియైన స్వామి ఇట్లు ఆత్మస్తుతి చేసికొనుటయా! అని వారి శంక. శంక సహజమైనదే. ఏలయన మన సంప్రదాయమున నైచ్యానుసంధానమునకు గొప్ప స్థానము కలదు. ఆళ్వారులును ఆచార్యులును తమ్ము తాము నీచులుగను, ఏ యోగ్యతయు లేనివారినిగను చెప్పుకొని శరణాగతి చేసిరి. అట్టి వాక్యములను నిత్యము అనుసంధించు కుటుంబములలో పెరిగిన పిల్లవాడు పెద్దవాడై ఒక బాధ్యతను చేపట్టినప్పుడు, “నావలన ఏమగును” అనుటయే భక్తియని భ్రమపడవచ్చును. ఈ భ్రమ నిజముగ హానికరము. గృహములు, విద్యాలయములు, ఆలయములు దీనివలన నష్టపోవుచున్నవి.

నైచ్యమునకును సంశయమునకును భేదమేమి? యామునాచార్యులవారి స్తోత్రరత్నము ఈ భేదమును చక్కగ చూపుచున్నది. వేదములకును బ్రహ్మాదులకును అందని మహిమను స్తుతింప పూనుకొన్న తన్ను తాను ఆయన మొదట నిందించుకొనెను. అక్కడ ఆగినచో స్తోత్రము పుట్టియుండెడిది కాదు. ఆయన ఆగలేదు. ఆ మహాసముద్రమున మునుగునప్పుడు అణువునకును కులపర్వతమునకును భేదమేమున్నదని తర్కించి, తన శక్తికొలది స్తుతించుటకు పూనుకొనెను. నైచ్యము భగవంతుని ముందు నిలిచి చెప్పు మాట. చెప్పినవానిని పనికి పంపును. సంశయము పని ముందు నిలిచి చెప్పు మాట, చెప్పినవానిని కూర్చుండబెట్టును. మొదటిదానిలో చూపు స్వామిమీద నున్నది. రెండవదానిలో చూపంతయు తనమీదనే యున్నది. ఆ విధముగ చూచినచో సంశయము కూడ అహంకారమునకు దాయాదియే.

సిద్ధాంతమును కూడ ఒకసారి స్మరించుట మంచిది. శ్రీభాష్యమున రెండవ అధ్యాయము మూడవ పాదమునందు భగవద్రామానుజులు జీవుడు కర్తయే యని స్థాపించిరి. జీవుడు కర్త కానిచో “ఇది చేయుము, అది మానుము” అను శాస్త్రము ఎవరికొరకు? ఆ వెంటనే ఆ కర్తృత్వము పరమాత్మకు అధీనమైనదని నిరూపించిరి. ఈ రెండును కలిపి గ్రహింపవలెను. గీతయందు పదునెనిమిదవ అధ్యాయమున ఏ కర్మకైనను ఐదు కారణములు చెప్పబడినవి: అధిష్ఠానమైన శరీరము, కర్త, ఇంద్రియములు, వివిధచేష్టలు, ఐదవది దైవము. నేనొక్కడనే చేసితిననువాడు ఐదింటిలో నాల్గింటిని మరచినాడు, గర్వి. నేనేమియు చేయలేదనువాడు రెండవదానిని కొట్టివేసినాడు, అదియు అసత్యమే. నిమిత్తమాత్రుడవు కమ్మని పార్థసారథి అర్జునునకు చెప్పినప్పుడు అతనిని ఏమని సంబోధించెనో గమనింపవలెను. సవ్యసాచీ! అనెను. ఎడమచేతితో కూడ బాణము వేయగల నేర్పునుబట్టి వచ్చిన పేరది. నిమిత్తమాత్రుడవైనను నీ నేర్పు నీకు కలదని ఆ పిలుపులోనే యున్నది.

ఇక ఆంజనేయుని మాటలకు వత్తము. తన బలమును అంతగా చెప్పినవాడు, ఎగురుటకు ముందు తన్ను దేనితో పోల్చుకొనెను? శ్రీరాముడు విడిచిన బాణముతో. బాణమునకు వేగము కలదు, వాడి కలదు. వానిని లేవనుట కల్ల. కాని వింటిని ఎక్కుపెట్టిన చేయి వేరొకరిది. సంప్రదాయమున హనుమంతునకు “సిరియ తిరువడి” యని పేరు. గరుత్మంతుడు “పెరియ తిరువడి”. తిరువడి యనగా శ్రీపాదము. పాదము నడువలేనని అనునా? నేనే నడచితినని విఱ్ఱవీగునా? తిరుమలలో మహాద్వారమున కెదురుగ చేతులు జోడించి నిలిచియున్న బేడి ఆంజనేయస్వామిని సేవించువారు, అశోకవనమును చిందరవందర చేసినవి కూడ ఆ చేతులేయని ఒక్కమారు తలచుకొనవచ్చును.

ఒకసారి జయించిన సంశయము మరల రాదనుకొనరాదు. లంకయంతయు గాలించియు సీతాదేవి కనబడనప్పుడు హనుమంతుని మనస్సు ఎట్లు కృంగెనో సుందరకాండము పదుమూడవ సర్గలో విస్తరముగ నున్నది. ఈ వార్త లేకుండ పోయినచో రాముడు జీవింపడు. రాముడు లేనిచో లక్ష్మణుడు. తరువాత భరతశత్రుఘ్నులు, తల్లులు, సుగ్రీవుడు, రుమ, తార, అంగదుడు, వానరులందరు. ఒక్కని వైఫల్యము నుండి రెండు కులముల నాశనము వరకు ఆ ఊహ గొలుసువలె సాగిపోయెను. రాత్రి నిద్రపట్టక పడకపై దొరలు బాధ్యతగల గృహస్థునకు ఈ గొలుసు తెలియనిది కాదు. హనుమంతుడు ప్రాణత్యాగమువరకు ఆలోచించెను. పిదప మరణమున దోషములు పెక్కు గలవనియు, జీవించియున్నవాడు శుభములను పొందుననియు నిశ్చయించెను. అప్పుడు కంటబడినది, ఇంకను వెదకని ఒక తోట. దేవతలకు మ్రొక్కి అందులో ప్రవేశించెను. సీతాదేవి అందులోనే యుండెను. సంశయము పూర్తిగ శమించువరకు ఆగియుండినచో తెల్లవారిపోయెడిది. వెదకని చోటు ఏదని చూచుకొనుటయే ఆ రాత్రి పనికివచ్చినది.

కార్యము నెరవేరిన తరువాతి కథ మరింత సూక్ష్మమైనది. పనిచేయుట కంటె చేసిన పనిని తగురీతిని చెప్పుట కొందరికి కష్టము. అశోకవనమున సీతాదేవితో మాటలాడునప్పుడు, సుగ్రీవుని కొలువున నాకంటె అధికులును సమానులును గలరు గాని తక్కువవారు లేరని హనుమంతుడు చెప్పెను. రావణుని పురమున తోరణమెక్కి ఘోషించునప్పుడు, నేను రామదాసుడను, వేయిమంది రావణులైనను నాకు సరిగారని చెప్పెను. ఈ రెండింటికి పొంది కుదరదని తోచవచ్చును. వినువారిని చూచినచో కుదురును. తనను విడిపించుటకు సేనయంతయు సముద్రము దాటి రాగలదా యని కన్నీరు పెట్టుకొన్న తల్లికి ఇతరుల బలమును గూర్చిన మాట కావలెను. శత్రువునకు వినబడవలసినది వేరు. ఆ గర్జనలో కూడ మొదట దాసుడననియే చెప్పుకొనెను.

మహేంద్రగిరిపై దిగినప్పుడు పెద్దలకు నమస్కరించి, దేవిని చూచితినని మొదట ముక్తసరిగ చెప్పెను. ప్రాణములు బిగబట్టి యున్నవారిని వేచియుంచరాదు గదా. అంగదుడు, బలమునను పరాక్రమమునను నీకు సమానుడు లేడని మెచ్చుకొనెను. పిమ్మట జాంబవంతుడు జరిగినదంతయు చెప్పుమనెను. రాముని సన్నిధిని చెప్పవలసినదేదో, దాచవలసినదేదో తేల్చుకొందమనెను. అప్పుడు హనుమంతుడు సీతాదేవికి తలవంచి మ్రొక్కి ఆద్యంతము చెప్పెను. సుందరకాండమున అతి దీర్ఘములైన సర్గలలో అదియొకటి. మైనాకుడు, సురస, సింహిక, రావణుని అంతఃపురము, తోకకు నిప్పు – దేనిని తగ్గింపలేదు, దేనిని హెచ్చింపలేదు. కడకు చెప్పిన మాటలో శ్రీరాముని ప్రభావము కలదు, తనకొరకు వేచియున్న వానరుల తేజస్సు కలదు, సుగ్రీవుని కార్యము కలదు. వీనితోపాటు “నాచేత సర్వము నిర్వర్తింపబడినది” అను అర్థము స్పష్టముగ కలదు. సంస్కృతమున ఆ “నాచేత” అను పదము లేకున్నను వాక్యము నడచును. మహర్షి దానిని వదలలేదు. శ్రీవైష్ణవులు అనుష్ఠానమునకు ముందు వెనుకల చేయు సాత్త్వికత్యాగమున కూడ, స్వామియే తన ప్రీతికొరకు తన శేషభూతుడైన నాచేత ఈ కర్మను చేయించుకొనుచున్నాడని అనుసంధింతురు. త్యాగము చేయునది కర్తృత్వాభిమానమునే గాని కర్తను గాదు.

శ్రీరాముడు ఆ సేవకు ఇచ్చిన బహుమానము యుద్ధకాండపు మొదటి సర్గలో నున్నది. ఇతరులు మనస్సుచేత కూడ తలపెట్టలేని పనిని ఇతడు చేసెననెను. ఈ ప్రియమునకు తగినది ఇచ్చుటకు తనవద్ద ఏమియు లేదని నొచ్చుకొని, ఈ ఆలింగనమే నా సర్వస్వమని కౌగిలించుకొనెను. అప్పుడు హనుమంతుడు “నేనేమి చేసితిని ప్రభూ” అని వారించినట్లు వాల్మీకి వ్రాయలేదు. స్వామి ఇచ్చినదానిని దాసుడు గ్రహించెను. అంతియే.

అంగదుని సంగతి మిగిలినది. తిరుగుదారిలో వానరులు అతని అనుమతితోనే మధువనమున ప్రవేశించి తేనె త్రాగి అల్లరి చేసిరి. కావలివాడైన దధిముఖుడు పోయి మొరపెట్టుకొనగా సుగ్రీవుడు కోపింపలేదు. జాంబవంతుడు దారిచూపువాడుగను, అంగదుడు ప్రభువుగను, హనుమంతుడు కార్యనిర్వాహకుడుగను ఉన్నచోట పని చెడదనియు, దేవి కనబడియుండుననియు నిశ్చయించెను. ఏ సుగ్రీవుడు తన్ను నమ్మడని అంగదుడు ప్రాణము విడువ సిద్ధపడెనో, ఆ సుగ్రీవుడు అతని పేరును విజయకారణములలో చేర్చి చెప్పుచున్నాడు. ఈ సంగతి అంగదునకు తెలియదు. రాజు రమ్మనుచున్నాడని విని అతడు వానరులవైపు తిరిగి, ఇక నిలువరాదు, ఐనను మీరు చెప్పినట్లు చేసెదను, యువరాజునైనను కార్యము సాధించిన మిమ్ము ఆజ్ఞాపించుట నాకు తగదు అనెను. వానరులు సంతోషించిరి. ప్రభువై యుండి ఇట్లెవరు పలుకుదురు, ఐశ్వర్యమదముచే ప్రతివాడును నేననియే తలంచును గదా అనిరి. నీ ఆజ్ఞ లేనిదే ఒక్క అడుగైనను వేయజాలమనిరి.

మంచిది, పోవుదము అని అంగదుడు ఆకాశమున కెగిరెను. అతనిని, హనుమంతుని ముందిడుకొని అందరును కిష్కింధవైపు సాగిపోయిరి.